ఊరి రోడ్డు నిధులు కక్షతో ఆపేశారా? తేల్చుకోవడం ఎలా, కదిలించడం ఎలా

“మా సర్పంచ్ ఒక పార్టీ, ఎమ్మెల్యే ఇంకో పార్టీ. మంజూరైన రోడ్డు కంకర పరిచి వదిలేశారు. అడిగితే నిధులు లేవంటున్నారు. పక్క ఊళ్ళో మాత్రం పని అయిపోయింది. ఏం చేయాలి?” ఊరి పేరు మారుతుంది కానీ ప్రశ్న ఇదే. ప్రభుత్వం మారిన ఏడాదిలో ఇంకా ఎక్కువగా వస్తుంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఇది మన అనుమానం మాత్రమే కాదు, జరిగిన చరిత్ర ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి ముందు ఉపాధి హామీ పథకంలో సామగ్రి కోసం ఇచ్చే మెటీరియల్ నిధులతో ఊరూరా సిమెంటు రోడ్లు వేశారు. ప్రభుత్వం మారాక ఆ బిల్లులు ఆగాయి. విజిలెన్స్ విచారణ జరుగుతోందని చెప్పారు. అప్పు తెచ్చి పని చేయించినవాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు. 2021లో కోర్టు వడ్డీతో కలిపి చెల్లించమంది. అందులో గెలిచినవాళ్ళ చేతిలో ఉన్నవి వర్క్ ఆర్డరు, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు ఇంజనీర్లు రాసే పుస్తకం), పూర్తయినట్టు సర్టిఫికెట్. ఉపన్యాసాలు కాదు.

మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఒకటే. “ఈ ఊరు మనకు ఓటెయ్యలేదు, ఆపండి” అని ఏ ఫైలులోనూ రాయరు. ఆ మాట ఫోన్లోనే ఆగిపోతుంది. ఫైల్లో దొరికేవి రెండే: ఒకే జాబితాలో ఉన్న మిగతా పనులు కదిలి మీది మాత్రమే ఆగిందన్న పోలిక, ఎందుకు ఆగిందో రాతపూర్వక కారణం లేకపోవడం. మీ శ్రమంతా ఈ రెండింటిని బయటికి తీయడం మీద పెట్టండి.

కావలసినవి

- రోడ్డు పూర్తి గుర్తింపు: ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని మీటర్లు, ఏ పంచాయతీ, ఏ మండలం
- మంజూరు కాగితం లేదా జీవో కాపీ. లేకపోతే కనీసం శంకుస్థాపన శిలాఫలకం ఫోటో (దాని మీద అంచనా విలువ, పథకం పేరు, తేదీ ఉంటాయి)
- తేదీ కనిపించేలా రోడ్డు ఫోటోలు, వర్షాకాలంలో తీసినవి కూడా
- దరఖాస్తుల కాపీలు, రసీదులు దాచుకునే ఫైలు ఒకటి
- ఊళ్ళో ఇద్దరు ముగ్గురు మనుషులు, వీలైతే రెండు పార్టీల వాళ్ళూ. ఒక్కరే తిరిగితే ఒత్తిడంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది
- ఓపిక. ఆర్టీఐ (సమాచార హక్కు) జవాబులకే నెలలు పడుతుంది

1. రోడ్డు ఎవరిది, డబ్బు ఎవరిది?

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. చాలామంది మొదటిదానితో ఆగిపోయి తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

ఊరి లోపలి వీధులు పంచాయతీవి. ఊరినుంచి ఊరికి, ఊరినుంచి మెయిన్ రోడ్డుకు వెళ్ళేవి ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. పెద్ద రోడ్లు ఆర్‌అండ్‌బీ (రోడ్లు, భవనాల శాఖ)వి. ఏజెన్సీలో అయితే గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగమో ఐటీడీఏనో (గిరిజనాభివృద్ధి సంస్థ) చూస్తుంది. పంచాయతీరాజ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడిగితే మీ రోడ్డు ఎవరి రిజిస్టర్లో ఉందో చెప్తారు.

డబ్బు ఇంకో చోటునుంచి రావచ్చు. పంచాయతీ వీధికి ఆర్థిక సంఘం నిధులు, జిల్లా పరిషత్ నిధులు, ఎంపీ నిధులు, ఖనిజ ఫౌండేషన్ (గనుల జిల్లాల్లో ఉండే ట్రస్టు) నిధులు, ముఖ్యమంత్రి లేదా మంత్రి విచక్షణతో ఇచ్చే ప్రత్యేక నిధులు, ఇలా ఏవైనా వాడొచ్చు. కక్షకు ఎక్కువ అవకాశం ఈ చివరిదాంట్లోనే, ఎందుకంటే ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క కట్టే సూత్రమేదీ దానికి ఉండదు. సూత్రం ప్రకారం వచ్చే డబ్బును ఆపితే పట్టుకోవడం తేలిక. ఉదాహరణకు పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) 2000 డిసెంబరు 25న మొదలైన కేంద్ర పథకం. మైదాన ప్రాంత రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. దాని పనుల వివరాలు రోడ్డు పేరుతో సహా ఆ పథకం వెబ్‌సైటు ఓమ్మాస్‌లో ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రాంటు విషయంలో నిబంధన ఇంకా గట్టిది. కేంద్రంనుంచి వచ్చిన డబ్బును రాష్ట్రం 10 పనిదినాల్లో స్థానిక సంస్థలకు పంపాలని, ఆలస్యమైతే వడ్డీ కలిపి ఇవ్వాలని పెట్టారు. పంచాయతీకి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చుపెట్టారో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఊరి పేరు కొట్టి చూడండి. ఈ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. రోడ్డుకు వాడుకోగలిగేది మిగతా 40లోనే. దాన్ని మొత్తం రోడ్డు డబ్బు అనుకుని ఫిర్యాదు రాస్తే మొదటి రోజే తీసి పక్కన పెడతారు.

2. ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోండి

“రోడ్డు ఆగింది” అంటే సరిపోదు. వరుస ఇలా ఉంటుంది: ప్రతిపాదన, ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, పని, ఎం-బుక్‌లో కొలతలు, బిల్లు, చెల్లింపు. మీ పని వీటిలో ఎక్కడ నిలిచిందో తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

పరిపాలనా అనుమతికి ముందే ఆగిందా? అప్పుడు మీకు హక్కులా అడగడానికి పెద్దగా ఏమీ లేదు, వినతే మార్గం. అనుమతి వచ్చి టెండరు పిలవలేదా? ఇక్కడినుంచి ప్రశ్నించొచ్చు. వర్క్ ఆర్డరు ఇచ్చాక పని ఆపమన్నారా? ఆపమన్న ఉత్తర్వు ఉండి తీరాలి, అది అడగండి. పని అయ్యి బిల్లు రాలేదా? అన్నింటికన్నా బలమైన కేసు ఇదే. ప్రభుత్వ చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థలో (ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్) బిల్లు నంబరో టోకెన్ నంబరో ఉంటుంది. ఆ నంబరు సంపాదించండి.

మంజూరైందని వేసిన ఫ్లెక్సీని, పేపర్లో వచ్చిన వార్తను, ఎమ్మెల్యే హామీని ఈ వరుసలో ఎక్కడా లెక్కించకండి. చాలా ఊళ్ళలో “మంజూరైన” రోడ్డుకు పరిపాలనా అనుమతే లేదని ఆర్టీఐ జవాబు వచ్చాక తెలుస్తుంది.

3. మామూలు కారణాలను ముందే పక్కకు తీసేయండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ. కానీ మీ ఫిర్యాదు నిలబడేది దీని మీదే. కింది వాటిలో ఏదైనా ఉంటే అది కక్ష కాకపోవచ్చు.

జిల్లా అంతటా అన్ని బిల్లులూ ఆగాయా అన్నది మొదట చూడండి. ఖజానాలో డబ్బు లేనప్పుడు అధికార పార్టీ సర్పంచుల బిల్లులు కూడా ఆగుతాయి. తెలంగాణలో పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కిన మాజీ సర్పంచుల్లో ఒకే పార్టీ వాళ్ళు లేరు. ఆంధ్రలో ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిలకు సర్దేసినప్పుడు అన్ని పంచాయతీలూ నష్టపోయాయి. అది అన్యాయమే, పోరాడాల్సిందే, కానీ అది మీ ఊరి మీద కక్ష అని రాయకూడదు.

తర్వాత కాంట్రాక్టరు. పాత బిల్లులు రాక టెండరుకు ఎవరూ ముందుకు రాకపోవచ్చు. ఎన్నిసార్లు టెండరు పిలిచారో ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో కనిపిస్తుంది.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు మొదలుపెట్టరు, అప్పటికే జరుగుతున్న పనిని మాత్రం కోడ్ ఆపదు. స్థలం గొడవ, కోర్టు స్టే ఉన్నాయేమో చూడండి. అడవి మీదుగా వెళ్ళే రోడ్డయితే అటవీ అనుమతి కావాలి. ఇక్కడ ఒక దారి ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫార్సు చేస్తే, హెక్టారులోపు భూమికి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టాల్సి వచ్చే రోడ్డుకు డీఎఫ్ఓ (డివిజనల్ అటవీ అధికారి) స్థాయిలోనే అనుమతి ఇవ్వొచ్చు. ఏజెన్సీ గ్రామాల వాళ్ళు దీన్ని తప్పకుండా అడగాలి. “ఫారెస్టు వాళ్ళు ఒప్పుకోవడం లేదు” అన్న ఒక్క మాటతో గర్భిణుల్ని డోలీలో మోసుకెళ్ళే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఊళ్ళలో కొన్నింటికి ఈ దరఖాస్తే ఎవరూ పెట్టి ఉండరు.

4. ఆర్టీఐ దరఖాస్తు: “ఎందుకు” అని అడగకండి

సమాచార హక్కు చట్టం 2005 ఫైల్లో ఉన్న సమాచారాన్ని ఇప్పిస్తుంది. ఫైల్లో లేని సంజాయిషీ ఇప్పించదు. “మా రోడ్డు ఎందుకు వేయడం లేదు?” అని రాస్తే “ఇది సమాచారం కిందికి రాదు” అని ఒక్క లైనులో తిప్పి పంపుతారు. అదే విషయాన్ని కాగితాలుగా అడగండి. కింద నమూనా ఇస్తున్నాను, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి.

“ఫలానా మండలం, ఫలానా గ్రామంలో ఫలానా చోటునుంచి ఫలానా చోటు వరకు రోడ్డు పనికి సంబంధించి:
అ) పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఉత్తర్వుల నకళ్ళు.
ఆ) ఈ పని ఫైలులోని నోట్‌షీట్లన్నిటి నకళ్ళు, ఫైలు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్ళిందో తెలిపే వివరం.
ఇ) పని నిలిపివేయమని గాని, నిధులు ఆపమని గాని జారీ చేసిన ఉత్తర్వు, మెమో, లేఖ ఏదైనా ఉంటే దాని నకలు. లేకపోతే లేదని తెలపగలరు.
ఈ) ఇదే పరిపాలనా అనుమతి ఉత్తర్వులో మంజూరైన పనులన్నిటి జాబితా, ఒక్కొక్కదాని ప్రస్తుత స్థితి, టెండరు తేదీ, చెల్లించిన మొత్తం, చెల్లించిన తేదీ.
ఉ) ఎం-బుక్ సంబంధిత పేజీల నకళ్ళు.”

దీంట్లో ప్రాణం ‘ఇ’, ‘ఈ’ లలో ఉంది. ‘ఇ’కి “అటువంటి ఉత్తర్వు లేదు” అని జవాబు వస్తే దిగులు పడకండి. కారణం రాయకుండానే ఆపారని ఆఫీసే సంతకం పెట్టి చెప్పినట్టు అది. ‘ఈ’ తర్వాతి మెట్టులో పోలిక పట్టికకు ముడిసరుకు.

విజిలెన్స్ విచారణ ఉందని జవాబు వస్తే రెండో దరఖాస్తు పెట్టండి. విచారణకు ఆదేశించిన ఉత్తర్వు, తేదీ, విచారణ అధికారి హోదా, నివేదిక వచ్చిందో లేదో అడగండి. ఏళ్ళ తరబడి నివేదిక లేని విచారణ, డబ్బు ఆపడానికి కారణం కాజాలదని వాదించొచ్చు.

ఫీజు: మన రెండు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఉచితం, రేషన్ కార్డు నకలు జతచేయాలి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాటే చెప్తుంది. తప్పు ఆఫీసుకు పంపినా వాళ్ళు 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే కాగితాలకు డబ్బు తీసుకోకూడదు.

నకళ్ళకు బదులు ఫైలును స్వయంగా చూస్తానని కూడా అడగొచ్చు. మొదటి గంట ఉచితం. వేసిన రోడ్డు నాణ్యత మీద అనుమానముంటే సెక్షన్ 2(జె) కింద పనిని పరిశీలించడానికి, ధృవీకరించిన నమూనా తీసుకోవడానికి కూడా హక్కుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఊళ్ళో భయం ఉంటే దరఖాస్తు ఊరి బయట ఉన్నవాళ్ళ పేరుతో పెట్టించండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం ఉంటే చాలు. పింఛను మీదో, ఉపాధి పని మీదో బతికే పెద్దవాళ్ళ పేరు మాత్రం ఎప్పుడూ ముందు పెట్టకండి.

5. పోలిక పట్టిక తయారుచేయండి

ఆర్టీఐ జవాబులోని జాబితా తీసుకుని ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీయండి. పని పేరు, మంజూరు తేదీ, అంచనా మొత్తం, టెండరు తేదీ, ఇప్పటి స్థితి, చెల్లింపు తేదీ. ఒకే ఉత్తర్వులో ఉన్నవాటినే పోల్చాలి. నిరుటి మంజూరుతో ఈ ఏటి మంజూరును, ఆర్‌అండ్‌బీ పనితో పంచాయతీ పనిని పోలిస్తే ఆ పట్టిక పనికిరాదు.

తర్వాత ఇంకో గడి: ఆ ఊళ్ళో ఎన్నికల ఫలితం. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ప్రతి పోలింగ్ బూత్‌కు ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20లో ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. మీ ఊరు ఎటు ఓటేసిందో నాయకులకు తెలిసేదీ దీనివల్లే. బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. అమలు కాలేదు. 2019 ప్రచారంలో మేనకా గాంధీ ఊళ్ళను వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని విడదీసి పనులు చేస్తామని బహిరంగ సభలో అన్నారు. ఎన్నికల సంఘం హెచ్చరించింది. ఇలాంటి ఆలోచన నాయకుల నోటనే వచ్చింది కాబట్టి, మీరు పట్టిక వేయడంలో తప్పేమీ లేదు.

పట్టిక ఏం చెప్తోందో నిజాయితీగా చదవండి. ఇరవై పనుల్లో ఆగినవి నాలుగే అయ్యి, ఆ నాలుగూ ప్రతిపక్ష సర్పంచుల ఊళ్ళవే అయితే గట్టి ఆధారం. ఆగిన నాలుగులో రెండు అధికార పార్టీ ఊళ్ళవైతే “కక్ష” అన్న మాట తీసేసి “కారణం లేకుండా జాప్యం” అని రాయండి. ఆ మాటకూ బలం ఉంది, పైగా ఓడిపోయే ప్రమాదం తక్కువ. ఒక బూత్‌లో రెండు మూడు ఆవాసాలు కలిసి ఉంటే ఓట్ల లెక్క ఒక్క ఊరికి అంటగట్టకండి. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి “ఫలానా పార్టీ బలపరిచిన” అని రాయడమే సరైనది.

6. గ్రామసభ తీర్మానం

రాజ్యాంగం 11వ షెడ్యూలులో 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. అంటే రోడ్డు గురించి మాట్లాడటం పంచాయతీ పని. తీర్మానంలో రోడ్డు పేరు, పొడవు, మంజూరు ఉత్తర్వు నంబరు, ఆగిన తేదీ, ఎంతమంది ఏ అవసరానికి వాడుతున్నారు (బడి, ఆసుపత్రి, ధాన్యం రవాణా) అన్నవి రాయించి, పంచాయతీ కార్యదర్శి సంతకంతో నకలు తీసుకోండి. తీర్మానంలో ఏ నాయకుడి పేరూ వద్దు.

సభ జరపడం లేదంటే తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి జరగాలని గుర్తుచేయండి. అప్పటికీ కాకపోతే ఇంటికొకరు చొప్పున సంతకాలు తీసుకున్న మహజరు (ఉమ్మడి అర్జీ) కూడా పనికొస్తుంది.

7. రాతపూర్వక వినతి, వరుస తప్పకుండా

మొదట ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), కాపీ ఆయన పైన ఉండే ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరు). తర్వాత కలెక్టరుకు సోమవారం అర్జీల కార్యక్రమంలో (ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి) ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. కేంద్ర డబ్బున్న పథకమైతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ పెట్టండి. జిల్లాలో కేంద్ర పథకాలను సమీక్షించే దిశ కమిటీకి ఎంపీ అధ్యక్షుడు. మీ ఎంపీ, ఎమ్మెల్యే వేరు వేరు పార్టీలైతే ఆ వేదిక బాగా ఉపయోగపడుతుంది. జడ్పీ సర్వసభ్య సమావేశంలో మీ జడ్పీటీసీ చేత ప్రశ్న అడిగించండి, జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

వినతిలో అడగాల్సింది స్పష్టంగా ఒకటే ఉండాలి: “టెండరు పిలవండి” లేదా “బిల్లు చెల్లించండి” లేదా “ఆపడానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వండి.” పట్టిక జతచేయండి, వ్యాఖ్యానం జతచేయకండి. పట్టిక చూసినవాళ్ళకు మీరు విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు.

8. పోరాడుతూనే వేరే డబ్బు వెతకండి

కక్ష ఒక తలుపు దగ్గర ఉంటే ఇంకో తలుపు తట్టడం లొంగిపోవడం కాదు. వర్షాకాలం మీ కోసం ఆగదు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ ఎంపీ తన నియోజకవర్గంలో, రాజ్యసభ ఎంపీ తనను ఎన్నుకున్న రాష్ట్రంలో ఎక్కడైనా పని సిఫార్సు చేయొచ్చు. రాజ్యసభ ఎంపీలను అడిగేవాళ్ళు తక్కువ, అందుకే అక్కడ వీలు ఎక్కువ. ఎస్సీ ప్రాంతాలకు 15, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం కేటాయించాలని నిబంధన. ఎస్సీ, ఎస్టీ కాలనీ రోడ్డయితే ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద విడిగా ప్రతిపాదన పంపించండి. గనులు, క్వారీలున్న జిల్లాల్లో ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఉంది, లారీల వల్ల పాడైన రోడ్డుకు అది న్యాయంగా ఇవ్వాల్సిన డబ్బు.

హెచ్చరిక: పాత మంజూరు రద్దు చేయించుకుని కొత్తదానికి వెళ్ళకండి. “మీరే వద్దన్నారు” అన్న కాగితం మీకే అడ్డమవుతుంది. కొత్త నిధికి పూర్తి ఉత్తర్వు వచ్చాకే పాతదాని సంగతి.

9. హైకోర్టు

అన్నీ అయ్యాక, కనీసం వినతికి తగినంత సమయం ఇచ్చాక, రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేయొచ్చు. ఇక్కడ ఆశ సరైన కొలతలో ఉండాలి. “మా ఊరికి డబ్బు కేటాయించండి” అంటే కోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు. “కేటాయించిన డబ్బును, ఇతరులకు ఇచ్చి మాకు కారణం లేకుండా ఆపారు” అంటే 14వ అధికరణ (సమానత్వ హక్కు) కింద వింటుంది. మొదటి విడతలో ఎక్కువగా వచ్చే ఉత్తర్వు “వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించి కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి” అని. అది చిన్న గెలుపు కాదు, రాయని కారణాన్ని రాయించే ఉత్తర్వు.

లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు తీర్పులు గుర్తుచేయండి. ఒకటి 1986 నాటి స్టేట్ ఆఫ్ హిమాచల్‌ప్రదేశ్ వర్సెస్ ఉమేద్ రామ్ శర్మ. కొండ ప్రాంతపు పేద గ్రామస్థులు తమ రోడ్డు గురించి హైకోర్టుకు రాసిన ఉత్తరంతో మొదలైన కేసు అది. కొండ ప్రాంతాల వాళ్ళకు రోడ్డు లేకపోతే బతుకే లేనట్టని, అది 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అంది. నిధుల కేటాయింపు ప్రభుత్వ వనరులను బట్టి ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది, రెండోవైపు లాయరు దాన్ని చదువుతారు, సిద్ధంగా ఉండండి. రెండోది తమిళనాడు ఉమ్మడి పాఠ్యప్రణాళిక కేసులో 2011లో వచ్చిన తీర్పు. వేరే పార్టీ అధికారంలోకి వచ్చిందన్న ఒక్క కారణంతో పాత ప్రభుత్వ విధానాన్ని తీసేయకూడదని అందులో ఉంది.

ఖర్చు టెన్షన్ ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ 15100.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వాట్సాప్ గ్రూపులో ఇంజనీరును తిట్టడం. ఆయనకు చాలాసార్లు మీ మీద కోపం ఉండదు, పైనుంచి ఫోను వచ్చి ఉంటుంది. ఫైలు తేదీలు మీకు దొరకాల్సింది ఆయన దగ్గరే.

పార్టీ లెటర్‌హెడ్ మీద వినతి ఇవ్వడం. ఆ రోజుతో అది ఊరి రోడ్డు కాకుండా పార్టీ గొడవ అయిపోతుంది.

ఒకే ఆర్టీఐలో ఇరవై రోడ్లు అడగడం. జవాబు “రికార్డు భారీగా ఉంది” అని వస్తుంది. ఒక పని, ఒక దరఖాస్తు.

నోటిమాటతో ఆగిపోవడం. “వచ్చే నెల చూద్దాం” అన్నప్పుడు “సరే సార్, మీరు ఇలా చెప్పారని ఉత్తరం ఇస్తాను, ముద్ర వేయండి” అనండి.

బెదిరింపును రికార్డు చేసుకోకపోవడం. ప్రచారంలో ఎవరైనా “ఓటెయ్యకపోతే రోడ్డు రాదు” అని బహిరంగంగా అంటే అప్పుడే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లోనే వీడియో తీసి పంపండి. ఎన్నికల తర్వాత అది ఎవరూ పట్టించుకోరు. విడిగా ఫోనులో తీసిన వీడియో ఉంటే మధ్యలో కత్తిరించకండి, మొత్తం దాచండి.

అన్నింటికన్నా నష్టం చేసేది ఇంకొకటి. సర్పంచో వార్డు మెంబరో పార్టీ మారితే రోడ్డు వస్తుందని ఊరే ఒత్తిడి చేయడం. అలా వచ్చిన రోడ్డు చాలా ఊళ్ళలో చూస్తాం. దానివల్ల తర్వాతి ఎన్నికలో ప్రతి వీధికీ అదే బేరం పెడతారు. ఆ రోడ్డు మీరు కట్టిన పన్నుతో వచ్చేదే, ఎవరి సొంత డబ్బూ కాదు.

కదిలిందని ఎలా తెలుస్తుంది?

మాట కాదు, నంబరు అడగండి. టెండరైతే నోటీసు నంబరు, పోర్టల్లో కనిపించాలి. అగ్రిమెంటు నంబరు, వర్క్ ఆర్డరు తేదీ, పూర్తిచేయాల్సిన గడువు రాసుకోండి. పని మొదలైన చోట వివరాల బోర్డు పెట్టించండి. పొడవు టేపుతో కొలిచి ఎస్టిమేటుతో పోల్చండి. 500 మీటర్లు మంజూరై 420 దగ్గర ఆగిన రోడ్లకు పూర్తి బిల్లు అయిన సందర్భాలు ఎవరికీ కొత్త కాదు. సిమెంటు రోడ్డయితే వేసిన మర్నాటినుంచి రెండు వారాలు నీళ్ళు నిలబెడుతున్నారో లేదో ఊరివాళ్ళే చూడాలి. పీఎంజీఎస్‌వై రోడ్డయితే పూర్తయ్యాక 5 ఏళ్ళ నిర్వహణ ఆ కాంట్రాక్టరుదే, గుంతల ఫోటోలు మేరీ సడక్ యాప్‌లో పెట్టొచ్చు.

బిల్లు విషయంలో “అప్‌లోడ్ చేశాం” అన్నది చెల్లింపు కాదు. బ్యాంకు ఖాతాలో పడిన తేదీయే చెల్లింపు తేదీ. మధ్యలో మళ్ళీ ఆగితే నాలుగో మెట్టులోని దరఖాస్తునే, ‘ఇ’ ప్రశ్నకు కొత్త తేదీలు వేసి, మళ్ళీ పంపండి. మొదటి జవాబులో ఒక కారణం, రెండో జవాబులో ఇంకో కారణం వస్తే ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పిన్ చేసి లాయరుకు ఇవ్వండి.